రాక్షసుడికి జానెడు దూరంలో

"మాస్టారూ, కత్తి పట్టినవాళ్ల బలం పెంచాలా, మాంత్రికుడి మంత్రాలు తగ్గించాలా?" అని చంద్రహాస్ అడిగాడు. అడగ్గానే జవాబు చెప్పడం అప్పలాచారి మాస్టారికి అలవాటు లేదు. "ఆదివారం మీ ఆట దగ్గరికొస్తాను, చూద్దాం" అన్నారు.

ఈ ఆట ఎరగనివారికి ఒక్క మాట. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లం అందులో తలో పాత్ర. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. విశాఖలో మాకిది నేర్పింది మాస్టారే. ఇప్పుడు కథ నడిపే పని చంద్రహాస్‌కి అప్పగించారు. సుభాషిణి కత్తి పట్టిన యోధురాలు, ఇస్మాయిల్ మాంత్రికుడు. నేను దొంగని, నా సంగతి వదిలేయండి.

ఆ వారమే సుభాషిణి తేల్చి చెప్పేసింది. "ఈ ఆదివారంతో సరి. ఇస్మాయిల్ వేలు కదిపితే కోట కూలుతుంది. నేను పాచిక వేస్తాను, తగిలిందో లేదో వింటాను. ఆ మాత్రం దానికి నేనెందుకు?" మూడేళ్లుగా కలిసి ఆడుతున్న వాళ్లం. ఆమె మానేస్తే ఆట అక్కడితో ఆఖరు. చంద్రహాస్ బెంబేలెత్తిపోయి, మాస్టారు వచ్చేదాకా కూడా ఆగకుండా నియమాల పుస్తకంలో మంత్రాల్లో సగం కొట్టేశాడు. ఇస్మాయిల్ మూతి ముడుచుకున్నాడు. ఇప్పుడు ఇద్దరికీ కోపమే, భలే న్యాయం!

ఆదివారం మాస్టారు మూల కుర్చీలో కూర్చుని గంటసేపు చూశారు. కథలో మేము ఒక వంతెన మీద ఉన్నాం, ఎదురుగా రాక్షసుడు. "సుభాషిణీ, నీ వంతు, పాచిక వెయ్యి" అన్నాడు చంద్రహాస్. వేసింది. "తగిలింది. ఇస్మాయిల్, నువ్వేం చేస్తావు?" ఇస్మాయిల్ గాలి ఎటు వీస్తోందో అడిగాడు, వంతెన రాయా కొయ్యా అని అడిగాడు, పది నిమిషాలు ఆలోచించాడు. మళ్లీ ఆమె వంతు వచ్చింది. మాస్టారు లేచి, "కాసేపు నన్ను నడపనీ నాయనా" అని చంద్రహాస్ కుర్చీలో కూర్చున్నారు.

సుభాషిణి అలవాటుగా పాచిక అందుకోబోయింది. మాస్టారు దాని మీద అరచెయ్యి పెట్టేశారు.

"అది తర్వాత వేద్దువుగాని అమ్మా. రాక్షసుడికి ఇంత దగ్గరగా నిలబడ్డది నువ్వొక్కదానివే. ఏం కనిపిస్తోంది?"

ఆమె తెల్లబోయింది. చంద్రహాస్ ఏదో అందించబోతే మాస్టారు వారించారు. సుభాషిణి రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది, పొద్దస్తమానం జనం చేతులు పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. మెల్లగా అంది: "వాడి చెయ్యి వణుకుతోంది మాస్టారూ. కోపం కాదు. భయపడే చెయ్యి నాకు తెలుసు."

"అలాగా! మరి నువ్వేం చేస్తావు?"

"కత్తి దించుతాను. డాలు మాత్రం దించను. నిన్నిక్కడ ఎవరు నిలబెట్టారని అడుగుతాను."

నిప్పులు కురిపించడానికి సిద్ధంగా ఉన్న ఇస్మాయిల్ ముందుకు వంగాడు. "ఆగక్కా, నాకు ఇక్కణ్ణించి ఏమీ కనబడదు. వాడి కాళ్లకేమైనా ఉందా?"

"గొలుసు ఉంది. నా డాలు వెనకాల నక్కి రా. నేను కాస్తుంటాను, నువ్వు తెంచు."

అప్పుడు పాచికలు వేశారు, ఇద్దరూ. గొలుసు తెగింది. ఇస్మాయిల్ కేక పెట్టాడు, నేనైతే బల్ల గుద్దాను. సుభాషిణి ముఖం చూసి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. సంచీ తగిలించుకుంటూ, "వచ్చే ఆదివారం కాస్త ముందే మొదలెడదామా?" అంది.

ఆమె గది దాటాక చంద్రహాస్ పుస్తకం పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, కొట్టేసిన మంత్రాలు మళ్లీ రాయనా? ఆమె బలం పెంచనా?"

మాస్టారు చెప్పుల్లో కాళ్లు పెడుతూ అన్నారు: "ఆ రాక్షసుడి ముఖం ఎలా ఉంటుందో నాకింకా తెలీదు నాయనా. దగ్గర్నుంచి చూసింది ఆవిడే. మెట్లు దిగిపోకముందే వెళ్లి అడుగు."