అడుగులకు అరిసెలు

అది కార్తీకమాసంలో మూడో సోమవారం, సాయంత్రం అయిదుంబావు. ఉపవాసమున్న మాణిక్యమ్మగారు పత్తి ఒళ్ళో పెట్టుకుని దీపానికి వత్తులు చేసుకుంటున్నారు. నూకరాజు సైకిలు దిగి లోపలికొచ్చి, ఆమె భర్త పేర్రాజు మాస్టారి ముందు చతికిలబడ్డాడు.

కాకినాడలో ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్నవాడే నూకరాజు. ఇప్పుడు కోచింగు పరీక్ష ప్యాసై, హైస్కూలు పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మర్నాడు పొద్దున మ్యాచి. విశాఖపట్నం అకాడమీ వాళ్ళు చూడ్డానికొస్తున్నారు. పిల్లల ఆట నచ్చితే అతన్ని కోచిగా తీసుకుంటారు.

"అన్నీ నేర్పాను మాస్టారూ. ప్రాక్టీసులో చెప్పింది చెప్పినట్టు చేస్తారు. మ్యాచిలో బంతి కాళ్ళ దగ్గరికి రాగానే బిగుసుకుపోతారు. గీత బయట నుంచి గొంతు పోయేలా చెబుతూనే ఉంటాను. ఇంకేం నేర్పాలి?"

మాస్టారి చూపు మనవరాలి మీదుంది. ఏడాది నిండినా ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడటమే తప్ప అడుగు వేయలేదు. సరిగ్గా అప్పుడే గోడ వదిలేసింది. ఒక అడుగు పడీ పడనట్టు పడింది. ఒళ్ళు తూలింది.

నూకరాజు ఉండబట్టలేకపోయాడు. "ఎడంకాలు! ఎడంకాలెయ్యి అమ్మలూ, ఎడంకాలు!"

పిల్ల ఆగింది. తలెత్తి అతని నోటికేసి చూసింది. చూస్తూ చూస్తూనే కూలబడింది.

"పసిదానికి కూడా కోచింగేనా నాయనా" అని మాణిక్యమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఎత్తుకోబోయిన నూకరాజును మాస్టారు చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పిల్ల మళ్ళీ గోడ పట్టుకుని లేచింది, మళ్ళీ పడింది. నూకరాజు పెదవులు కదిలినప్పుడల్లా మాస్టారి పట్టు బిగిసేది. ఆఖరికి పిల్ల ఎవరి వంకా చూడకుండా, నానమ్మ ఒళ్ళోని తెల్లటి పత్తి మీదే కళ్ళు పెట్టి, తూలుతూ తూలుతూ గదంతా నడిచి వెళ్ళి దాన్ని పిడికిట పట్టేసింది.

"బంతి వచ్చినప్పుడు మీవాళ్ళు ఎటు చూస్తార్రా?" అన్నారు మాస్టారు.

నూకరాజు చెయ్యి తన నోటి మీదికి వెళ్ళింది.

నక్షత్రం చూసి ఉపవాసం విడవకముందే మాణిక్యమ్మగారు బియ్యం నానబోశారు. మర్నాడు తెల్లవారుజామునే పిండి దంచి, పాకం పట్టి, మనవరాలి అడుగులకని అరిసెలు వండి వీధంతా పంచారు. మైదానానికి పోతూ గుమ్మంలో ఆగిన నూకరాజు చేతిలో మాస్టారు ఒక అరిసె పెట్టారు.

"ఆట మొదలవగానే నోట్లో వేసుకో. పాకం కాస్త ముదిరింది. మెల్లిగా నములు."