మూడో నంబరు మిషను

కేదారం మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, పని చెప్తారు. అందుకే ఆటుపోట్ల లెక్కలు కట్టే ఆ పరిశోధనశాలలో ఆయన్ని ప్రశ్న అడగాలంటే శిష్యులు ముందూ వెనకా చూసుకునేవారు. ఉత్పల చూసుకోలేదు. రెండేళ్ళ పని ముగిసిన సంబరంలో ఉంది. మర్నాడే దాన్ని పరీక్షకుల ముందు పెట్టాలి.

"మాస్టారూ, చేరిన రోజున మీరు చెప్పినట్టే లిస్ప్ అనే కంప్యూటరు భాషలో 'ఎవరు' అనే పేరుకు నా పేరు విలువగా పెట్టాను. అంతకు ముందు అందులో ఉన్న మనిషి పేరు ఏమైంది? చెరిగిపోయినట్టేనా? మాన్యువల్ అంతా తిరగేశాను, ఎక్కడా రాయలేదు."

మాస్టారు ఆమె మిషను వైపు చూశారు. "నీ పట్టికలు కాగితం మీదికి దించుకున్నావా?"

"ఎందుకండీ? ఇది ఎప్పుడూ ఆగదు కదా!"

ఆ మాట నిజమే. బ్యాటరీల పుణ్యమా అని, మాస్టారు చేరకముందు నుంచీ ఆ మిషను ఆగలేదు. డిస్కు ఏనాడో చెడిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. తెర మూలన 3 అనే అంకె వెలుగుతుండేది. అది మిషను నంబరని అందరి నమ్మకం. ఎవరో శ్రద్ధగా 'మూడో నంబరు' అని చీటీ కూడా అంటించారు. మరి ఒకటీ రెండూ ఏవంటే, పాతసామానుకు వేసేశారని చెప్పుకునేవారు. చదువుకున్నవాళ్ళకు కారణం కల్పించడం ఎంతసేపు!

మాస్టారు ఆమెను కొత్త మిషను ముందు కూర్చోబెట్టారు. దాని మూలన 0 ఉంది. నంబరు ఇంకా ఇవ్వలేదేమో అనుకుంది ఉత్పల. 'అల' అనే పేరుకు అయిదు పెట్టించారు. తరవాత కావాలనే తప్పున్న లెక్క ఒకటి ఇప్పించారు. మిషను ఆ లెక్క మధ్యలో ఆగి, ఏం చేయమంటావని అడుగుతూ నిలబడింది. మూలన 0 పోయి 1 వచ్చింది. అలా ఆగి ఉండగానే 'అల'కు తొమ్మిది పెట్టమన్నారు. పెట్టి అడిగితే తొమ్మిదనే చెప్పింది.

"ఇప్పుడు ఆ ఆగిన లెక్కలోంచి బయటికి రా," అన్నారు మాస్టారు.

ఆమె ఆజ్ఞ ఇచ్చింది. మూలన మళ్ళీ 0 వచ్చింది. 'అల' ఎంతని అడిగితే అయిదంది మిషను. తొమ్మిది ఎక్కడా లేదు.

ఉత్పలకు విషయం అర్థమైంది. అంటే ఆ 3 నంబరు కాదు, తన పాత మిషను మూడుసార్లు లెక్క మధ్యలో ఆగింది, ఒక్కసారి కూడా ఎవరూ బయటికి రాలేదు. తను రెండేళ్ళుగా పెట్టిన విలువలన్నీ ఎవరిదో ఆగిపోయిన లెక్క లోపల ఉన్నాయి. ఎవరి వేలు పొరపాటున తగిలినా అన్నీ పోయేవే. పరుగున వెళ్ళి కాగితాలు ముందేసుకుంది. నలభై రేవుల అంకెలు వేళ్ళు నొప్పి పుట్టేదాకా రాసింది. తిండి మాటే గుర్తు రాలేదు. ఆఖరి అంకె దించేసరికి ఎండ కిటికీ దిగిపోయింది. మాస్టారు పక్కనే కూర్చుని కాగితాలు అందిస్తూ ఉన్నారు.

"ఇక నీ ప్రశ్న దాన్నే అడుగు," అన్నారు.

ఆమె బయటికి వచ్చే ఆజ్ఞ ఇచ్చింది. మూలన 3 పోయి 2 వచ్చింది. తన పట్టికలను పేరు పేరునా అడిగింది. ఆ పేరు తెలియదని ప్రతిసారీ ఒకటే జవాబు. 'ఈరోజు' అని అడిగితే పదకొండేళ్ళ కిందటి మంగళవారం తేదీ చెప్పింది. చివరికి 'ఎవరు' అని అడిగింది.

అలివేణి, అంది మిషను.

గోడమీద దండ వేసిన ఫోటోలో ఉన్నది అలివేణే. ఆ మంగళవారం లెక్క మధ్యలో ఆగితే, అన్నం తిని వచ్చి చూస్తానని లేచి వెళ్ళింది. గేటు ముందే లారీ గుద్దింది. ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఉత్పలే కూర్చుంది. ఇప్పుడు తెరమీద గీత ఆరుతూ వెలుగుతూ అలివేణి తరవాతి మాట కోసం చూస్తోంది. ఉత్పల చటుక్కున మీటల మీంచి వేళ్ళు తీసేసుకుంది.

"మాస్టారూ, ఆవిడ పేరు పోలేదు. నా పేరే పోయింది."

ఆమె చూపు తెర మూలకు వెళ్ళింది.

"ఆగిపోయిన లెక్కలు ఇంకా రెండున్నాయి. ఇవి ఎవరివండీ?"

"నేను ఇక్కడ చేరిన రోజున కూడా అక్కడ రెండే ఉందమ్మాయ్. నువ్వూ నేనూ ఆ లెక్కల లోపలికే వచ్చి చేరాం."

భయం ఉన్నా చూడకుండా ఉండలేని మనిషి ఉత్పల. ఆమె చెయ్యి మళ్ళీ మెల్లగా మీటల వైపు కదిలింది. మాస్టారు వద్దనలేదు. మిగిలిన తెల్లకాగితాల్లోంచి ఒకటి తీసి ఆమె ముందుకు జరిపారు.

"ఈసారి మన పేర్లు కూడా రాసిపెట్టు."