తెలుగు వినకూడని బడి

వెనకటికి తామ్రగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని అనంగభూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి దుర్మార్గుడు కాడు. పంట పోయిన ఏడు శిస్తు అడిగేవాడు కాడు. చెరువుకు గండి పడిందంటే తనే వెళ్లి గట్టుమీద నిలబడి పూడిపించేవాడు. కాని తన నోట ఒక మాట వెలువడిందంటే అది రాతిమీద చెక్కినట్టే అనుకునేవాడు. తప్పని తెలిశాక దిద్దుకోవడం రాచరికానికి తలవంపులని ఆయన నమ్మకం.

ఆయన కొలువులో బయ్యన అనే దుబాసీ ఉండేవాడు. పరదేశపు రాయబారులు వచ్చినప్పుడు వాళ్ల మాట రాజుకూ, రాజు మాట వాళ్లకూ విడమరిచి చెప్పడం ఆయన పని. కన్నడం, అరవం, ఓఢ్రం, పారసీ ఆయన నాలుకమీద ఆడేవి. చిన్నప్పుడు పారసీక గుర్రాల వర్తకుల వెంట తిరిగి, గుర్రాలకు దాణా కలుపుతూ కలుపుతూ ఆ భాష పట్టేశాడు. ఏ భాషలోనైనా కొత్త మాట చెవిన పడితే బెల్లంముక్క దొరికినట్టు చప్పరించుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

ఒక ఏడు ఉత్తరాది సుల్తాను ఇంట పెళ్లికి రాజుగారికి పిలుపు వచ్చింది. అప్పుడు బయ్యన చలిజ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. రాజు ఆయన లేకుండానే వెళ్లాడు. అక్కడ అందరూ పారసీలోనే మాట్లాడుకుంటారు. అందరూ నవ్వినప్పుడు రాజు కూడా నవ్వాడు, కాని ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. ఒకచోట నవ్వకూడని సమయంలో నవ్వాడు కూడా. దాంతో విందు విందంతా ఆయన వైపు చూసింది.

ఆ అవమానం కడుపులో పెట్టుకుని తిరిగివచ్చాడు. వచ్చినవాడు తను కూర్చుని పారసీ నేర్చుకుంటే సరిపోయేది. కాని దానికి ఓపిక కావాలి, వినయం కావాలి. రాజుగారు ఆ బరువు తీసుకెళ్లి రాజ్యంలోని పసిపిల్లల నెత్తిన పెట్టాడు.

ఉత్తర్వు ఇలా పుట్టింది. ప్రతి బడిలోనూ పారసీ నేర్పితీరాలి. బడి కంచె దాటి లోపలికి వచ్చాక ఎవరూ తెలుగు పలకకూడదు. పలికినా ఎవరూ వినకూడదు, బదులివ్వకూడదు. పలికినవాళ్ల మెడలో బరువైన చెక్క ఒకటి వేలాడదీయాలి. బయటికి వెళ్లాలన్నా పారసీలోనే అడగాలి. పారసీ రానివాళ్లకు లెక్కలూ, వైద్యం, శిల్పం, ఇంకేదీ నేర్పకూడదు. ఉత్తర్వు మీరిన అయ్యవారికి కొలువు ఊడుతుంది.

పాపం, ఆ అయ్యవార్లలో ఎవరికీ పారసీ రాదు. రాజధానికి పిలిపించి నాలుగు ముక్కలు వల్లెవేయించి పంపారు. వాళ్లు ఆ ముక్కలనే పిల్లలచేత వల్లెవేయించేవారు. వాటి అర్థం చెప్పాలంటే తెలుగులో చెప్పాలి. అది నేరం. అందుకని అర్థం ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

బయ్యనకు తిప్పక్క అని మనవరాలు. కూతురి బిడ్డ. వాగుడుకాయ. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. తాత ఒళ్లో కూర్చుని "గుర్రాన్ని పారసీలో ఏమంటారు, ఆవునేమంటారు, ఆవలింతనేమంటారు" అని ప్రాణం తీసేది. చెప్పిన మాటనల్లా పెరట్లో కోడిపిల్లలకు నేర్పేది.

ఒకనాడు బయ్యన కొలువునుంచి వచ్చేసరికి పిల్ల ధాన్యపు గాదె వెనక కూర్చుని ఉంది. మెడమీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత ఉంది. ఏమైందంటే చెప్పదు. అన్నం తింటావా అంటే తల ఊపింది గాని నోరు విప్పలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నవ్వించడానికని బయ్యన గుర్రానికి పారసీ మాట ఏదని అడిగాడు. పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని లోపలికి పరుగెత్తింది.

పక్కింటి పిల్లల నోట తర్వాత తెలిసింది. బడిలో తిప్పక్కకు కడుపులో నొప్పి వచ్చింది. బయటికి వెళ్లాలని అడిగింది, తెలుగులో. అయ్యవారు విన్నాడు, కాని వినకూడదు గనక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల ఏడుస్తూ అడుగుతూనే ఉంది. చివరికి అందరి ముందూ పరికిణీ తడుపుకుంది. ఆపైన తెలుగు మాట్లాడినందుకు మెడలో చెక్క.

బయ్యన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆయన కోపిష్టి కాడు. కాని ఆ పూట కోపం ఆపుకోలేకపోయాడు. తను బతుకంతా ప్రేమించిన భాషను తెచ్చి ఒక పసిదాని నోరు కుట్టేశారు. అటు పారసీ రాలేదు, ఇటు తెలుగూ పోయింది. ఇది చదువా అని తనలో తను అనుకున్నాడు.

తెల్లవారి కొలువులో ఆ సంగతి నేరుగానే విన్నవించాడు. పరభాష నేర్పడం తప్పు కాదనీ, నోరు కట్టి నేర్పడం తప్పనీ, ఊళ్లలో పిల్లలు బడి మానేసి పశువుల వెంట పోతున్నారనీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

రాజు చిరునవ్వు నవ్వాడు. "బయ్యనా, నీకు మనవరాలి మీద ముద్దు, నాకు రాజ్యం మీద బాధ్యత. పిల్లను నీళ్లలో పడేస్తే ఈత అదే వస్తుంది. తెలుగు తలుపు మూసేస్తే, అవసరమే వాళ్లకు పారసీ నేర్పుతుంది."

"అవసరం నేర్పుతుందంటారు."

"నిశ్చయంగా."

బయ్యన కోపం మింగి, గొంతు మెత్తన చేసుకుని, ప్రభువులు అంతటి సంకల్పం చేశారు గనక ఒకసారి స్వయంగా బడికి వేంచేసి పిల్లలను దీవిస్తే బాగుంటుందన్నాడు. రాజుకు ఆ మాట తేనెలా ఉంది. సుల్తాను ఇంటినుంచి వచ్చాక ఆయన కూడా కొన్ని పారసీ ముక్కలు నేర్చాడు. వాటిని ఎక్కడ ప్రయోగించాలా అని చూస్తున్నాడు.

"ఒక్క సందేహం ప్రభూ," అన్నాడు బయ్యన. "కంచె లోపల ఎవరూ తెలుగు పలకరాదని ఉత్తర్వు. ఎవరూ అంటే ఎవరూనా, లేక పెద్దలకు మినహాయింపు ఉందా? అయ్యవార్లు అడుగుతున్నారు."

నిండు కొలువు చూస్తోంది. రాజు మీసం మీద చెయ్యి వేశాడు. "నా ఉత్తర్వుకు మినహాయింపులుండవు. కంచె దాటితే నేనైనా అంతే. నా తెలుగు మాటకు బదులిచ్చినవాడికి కొలువుండదని చాటింపు వేయించు."

బయ్యన ఆ సాయంత్రమే చాటింపు వేయించాడు. బడి గుమ్మం దగ్గర కాపలా ఉండే భటుడికి దగ్గర కూర్చుని మరీ వినిపించాడు. తర్వాత ఇంటికి పోయి సున్నుండలు కట్టమని భార్యకు చెప్పాడు. నెయ్యి బాగా తగ్గించి కట్టమన్నాడు. ఆవిడ వింతగా చూసింది గాని ఎందుకని అడగలేదు.

ఎండలు ముదిరిన రోజులు. రాజు జరీ అంగరఖా, తలపాగా, కంఠానికి పతకాలు వేసుకుని పరివారంతో పల్లకీలో బడికి వచ్చాడు. పరివారాన్ని కంచె బయటే నిలిపి, బయ్యనను మాత్రం వెంటబెట్టుకుని లోపలికి నడిచాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. తిప్పక్క చివరి వరసలో ఉంది.

"ఖుష్ ఆమదీద్," అన్నాడు రాజు గంభీరంగా. రండి, మీ రాక సంతోషం అని దాని అర్థం. వచ్చినవాడు తనే గనక ఆ మాట తను అనకూడదు, కాని ఆ సంగతి అక్కడ బయ్యనకు ఒక్కడికే తెలుసు. పిల్లలు తమకు వచ్చిన ముక్కలు గట్టిగా అప్పజెప్పారు. అవి ఎంతకీ తెమలలేదు. రాజు "షాబాష్, షాబాష్" అంటూ తల ఊపాడు.

అప్పుడు అయ్యవారు వెండిపళ్లెంలో సున్నుండలు తెచ్చి ముందు పెట్టాడు. రాజుకు సున్నుండలంటే ప్రాణం. ఒకటి తిన్నాడు, రెండోది నోట్లో వేసుకున్నాడు. మినప్పిండి అంగిలికి అతుక్కుంది, నాలుకకు అతుక్కుంది, గొంతులో పేరుకుంది. పైన ఎండ.

"మంచినీళ్లు," అన్నాడు రాజు.

ఎవరూ కదల్లేదు. అయ్యవారి ముఖం పాలిపోయింది. ఆయన మెల్లగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రాజు బయ్యన వంక చూశాడు. బయ్యన చేతులు కట్టుకుని, ఏమీ విననట్టు దూరంగా మేఘాలు చూస్తున్నాడు. రాజు చేత్తో సైగ చేశాడు. వరసలో ముందున్న పిల్లవాడు అది దీవెన అనుకుని వచ్చి కాళ్లకు మొక్కాడు. రాజు తనకు తెలిసిన పారసీ అంతా వెతుక్కున్నాడు. "బియా" అనే మాట ఒకటి దొరికింది. రమ్మని అర్థం. మూలనున్న నీళ్లకుండ వైపు చెయ్యి చాపి "బియా, బియా" అన్నాడు. కుండ రాలేదు. పిల్లలే మరింత దగ్గరికి జరిగారు.

ఆయన విసురుగా లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. భటుడు వణుకుతూనే ఈటె అడ్డం పెట్టాడు. బయటికి వెళ్లాలంటే పారసీలో అడగాలి. అడగడం రాజుకు రాదు. ఈటె లాగి పారేయడానికి చెయ్యెత్తాడు. కంచె అవతల పరివారమంతా కళ్లప్పగించి చూస్తోంది. నేనైనా అంతే అన్న మాట వాళ్లందరి ముందూ అన్నదే. ఎత్తిన చెయ్యి దించి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మెడమీద చెమట కారుతోంది. అంగరఖా వీపుకు అంటుకుపోయింది.

బయ్యన అనుకున్నది ఇక్కడిదాకానే. ఇంకాసేపట్లో రాజు గర్జిస్తాడు, తన ఉత్తర్వును తనే తెంపుతాడు, అప్పుడు నాలుగు మాటలు కడిగినట్టు చెప్పాలని నాలుక చివర సిద్ధం చేసుకుని ఉన్నాడు. తన తల పోయినా పోనీ అనుకునే వచ్చాడు.

కాని చివరి వరసలోంచి తిప్పక్క లేచింది. ఎవరి వంకా చూడకుండా కుండ దగ్గరికి వెళ్లి చెంబు ముంచింది. రెండు చేతులతో పట్టుకుని రాజు ముందుకు వచ్చింది.

"నీళ్లండీ. తాగండి," అంది.

ఇన్నాళ్లకు ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. అని, చెంబు ఆయన చేతిలో పెట్టి, గోడ దగ్గరికి నడిచి, మేకుకు వేలాడుతున్న చెక్క తీసి తన మెడలో తనే వేసుకుని నిలబడింది.

బయ్యన సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. తన ఎత్తుగడ బరువు మళ్లీ ఆ పిల్ల మెడమీదే పడిందే అనుకున్నాడు.

రాజు గటగటా తాగాడు. చెంబు కింద పెట్టి చాలాసేపు గోడ దగ్గరి పిల్లను చూశాడు. తర్వాత లేచి వెళ్లి, వంగి, ఆ చెక్క తీసేశాడు. చేతిలో తూచి చూసి, దాని బరువుకు కనుబొమలు ముడిచాడు. అప్పుడు తెలుగులోనే అడిగాడు.

"బయ్యనా, నీళ్లను పారసీలో ఏమంటారు?"

"ఆబ్ అంటారు ప్రభూ."

"అంతేనా? ఇంత చిన్న మాటా? పక్కనే ఉన్నావు. ఆ ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెప్పేవాణ్ణే. కాని తమకు కావలసింది నీళ్లని నాకు తెలియాలి గదా. మీరు నీళ్లని అన్నారు. ఆ మాట వినకూడదని ఉత్తర్వు. మీ మాట నేను వినకపోతే నా మాట మీకెలా నేర్పను? అవసరం నేర్పుతుందని సెలవిచ్చారు. తమకు ఈ పూట అవసరం నిండుగా ఉంది. ఒక్క ముక్క నేర్పిందా?" బయ్యన పిల్లల వరసల వైపు చెయ్యి చూపాడు. "తమరు కాసేపు దాహంతో కూర్చున్నారు. ఈ పిల్లలు ఏడాదిగా కూర్చున్నారు ప్రభూ. తమకు కంచె బయట పల్లకీ ఉంది. వీళ్లకేముంది?"

అయ్యవారు కళ్లు మూసుకున్నాడు. రాజు పళ్లెంలో మిగిలిన సున్నుండల వంక చూశాడు. ఒకటి తీసి వేళ్లతో నలిపాడు. పొడిపొడిగా రాలింది.

"నెయ్యి తగ్గించిందెవరు?"

"నేనే ప్రభూ."

రాజు పెదవులు అదిరాయి. మొదట చిన్నగా, తర్వాత పతకాలు గలగలలాడేలా నవ్వాడు. కుండను రమ్మని పిలిచిన సంగతి తలుచుకుని ఇంకా నవ్వాడు. పిల్లలు కూడా భయం భయంగా మొదలుపెట్టి, చివరికి బడంతా నవ్వింది. బయ్యన నవ్వలేదు.

ఆ కంచె లోపలే రాజు ఉత్తర్వు మార్చాడు. పారసీ ఇష్టమైనవాళ్లు నేర్చుకోవచ్చు, దాన్ని తెలుగులో చెప్పి నేర్పాలి, అది రాలేదని ఏ చదువూ ఆపకూడదు. తనకు పారసీ నేర్పే పని కూడా బయ్యనకే అప్పగించాడు. తర్వాత మెడలోని ముత్యాలహారం తీసి బహుమతిగా ఇవ్వబోయాడు.

బయ్యన హారం పుచ్చుకోలేదు. ఇవ్వదలిస్తే రాజుగారి పల్లకీని బోయీలతో సహా కొన్నాళ్లు తనకు వదిలిపెట్టమన్నాడు. బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్లను అందులో కూర్చోబెట్టి తెస్తానన్నాడు. వెళ్లగొట్టిన రాజే పిలుస్తున్నాడని వాళ్లకు తెలియాలి గదా అన్నాడు. రాజు మరోసారి నవ్వి, సరేనని నడిచి కోటకు వెళ్లాడు.

బయ్యన ఊరూరా తిరిగాడు. చాలామంది వచ్చారు. పల్లకీ ఎక్కాలనే వచ్చినవాళ్లూ ఉన్నారు. అయినా పరవాలేదనుకున్నాడు. కాని గుట్టకింది పల్లెలో సారయ్య అనే కుమ్మరివాళ్ల కుర్రవాడు మాత్రం సారె దగ్గరనుంచి లేవలేదు. ఒకప్పుడు ఆ బడిలో లెక్కలకు వాణ్ణి మించినవాడు లేడు. ఉత్తర్వు మారిందని బయ్యన నచ్చజెప్పాడు. ఇక ఎవరూ ఏమీ అనరన్నాడు. రాజుగారి తరఫున తను క్షమాపణ కూడా చెప్పాడు.

వాడు మట్టిచేతులతో నుదురు తుడుచుకున్నాడు. "నాకు చదువు రాదండీ," అన్నాడు. "బడిలోనే చెప్పారు."

పల్లకీ ఆ ఇంటి ముందు పొద్దు వాలేదాకా ఆగింది. ఖాళీగానే తిరిగివెళ్లింది. బయ్యన అందులో ఎక్కలేదు, పక్కనే నడిచాడు. మర్నాడు పొద్దున్నే బోయీలను లేపి, మళ్లీ ఆ పల్లెకే పదమన్నాడు.