దేవదారు దుంగలో చుక్కలు

గుల్షేర్ అలసిపోయాడు. ఒంటి అలసట కాదు. అదైతే ఒక నిద్ర పోతే తీరేది.

కొండవాలు మీద మీర్ జమాన్ బాబా నడిపే ఆశ్రయానికి దుఃఖం మోసుకుని ఎవరెవరో వస్తుంటారు. వాళ్ల పక్కన కూర్చోవడమే శిష్యుల పని. అయితే ఆ చలికాలం తమ్ముణ్ణి మంచు మింగేసింది మొదలు గుల్షేర్‌కి ఎవరి పక్కనా కూర్చోబుద్ధి కావడం లేదు.

ఆ పొద్దున జూనీ అనే ముసలామె వచ్చింది. కొడుకు ఏట్లో కొట్టుకుపోయాడట. ఆమె దగ్గరికి బాబా తన శిష్యుల్లో గుల్షేర్‌నే వెళ్లమన్నారు.

"నావల్ల కాదు బాబా. హబీబ్‌ని పంపండి. వాడికి పుట్టుకతోనే జాలి. కోడిపిల్ల కుంటినా ఏడుస్తాడు. నేను ఎండుకట్టెని. నన్ను ఇంటికి పంపేయండి."

"పంపుతాలే. ముందు ఇటు రా."

పెరట్లో కోసిన దుంగలు రెండున్నాయి. బాబా చాకుతో కోత మొహాలు నున్నగా చెక్కి, తడిగుడ్డతో తుడిచారు.

మొదటిది పైన్ చెట్టుది. దాని కలప నిండా వెంట్రుకంత సన్నని గొట్టాలుంటాయి. గొట్టం చుట్టూ ఉన్న చిన్న చిన్న కణాలు బంక ఊరించి అందులోకి వదులుతాయి. అందుకే అడ్డంగా కోసి చూస్తే, ఏడాదికొకటిగా పెరిగే ప్రతి వలయంలోనూ సూదిమొనతో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి.

"ఇది హబీబ్," అన్నాడు గుల్షేర్.

రెండోది దేవదారు. వలయం తర్వాత వలయం. చుక్క లేదు.

"ఇది నేను. చూశారుగా, ఇక వెళ్తాను."

"ఏం తొందర, పెళ్లికి పోతున్నావా? ఇంకా లోపలికి చూడు."

గుల్షేర్ విసుగ్గా వంగాడు. బెరడు నుంచి లోపలికి వేలు జరుపుకుంటూ పోయాడు. నడిమికి దగ్గరగా, ఒకే ఒక్క వలయంలో, పూసలు గుచ్చినట్టు చుక్కల వరస. వాటి నిండా బంక. ఆ పక్కనే, తర్వాత పెరిగిన కలప కప్పేసిన పాత గొడ్డలి గాటు.

"దేవదారుకి ఇవి ఉండవు కదా బాబా?"

"పుట్టుకతో ఉండవు."

గుల్షేర్ వేలు అక్కడే ఆగిపోయింది. "గాయం మానాక వచ్చాయా?" అని అడిగాడు.

"మానేదాకా చెట్టు ఆగలేదు. గాటు పడిన ఏడాదే వచ్చాయి."

గుల్షేర్ లేచాడు. నడిచి వెళ్లి జూనీ పక్కన చతికిలబడ్డాడు.

ముసలామె అతని మొహంలోకి చూసింది.

"నీకెవరు పోయారు, నాయనా?" అంది.