పిందె నిలవని సొరపాదు

అనగా అనగా, ఎండలు ముదిరి ముదిరి ఇక విరగడానికి సిద్ధంగా ఉన్న రోజుల్లో, మల్లెగిరి పట్నంలో చెంగల్వ అనే పదహారేళ్ళ పిల్ల ఉండేది. ఆమెకు ఒక నాయనమ్మ, ఒక ఆవు, ఇంటి వెనక ఒక పెరడు. అంతే సంసారం.

ఆ పెరడుకు ఒక కట్టుబాటు ఉంది. ఏటా ఒక ముదురు సొరబుర్ర రాజుగారి కొలువుకు ఇవ్వాలి. దానితో అక్కడ తంబురా చేస్తారు. బుర్ర ఇచ్చినంత కాలం పెరడు వాళ్ళది. ఇవ్వలేని ఏడు పెరడు పోతుంది. మృగశిర కార్తె మొదటి రోజున పారుపత్తెదారు, అంటే రాజుగారి తోటలు చూసే అధికారి, వచ్చి పాదుకు పిందె నిలిచిందో లేదో చూసి పోతాడు.

ఆ ఏడు పాదు పందిరంతా అల్లుకుంది. పొద్దు వాలగానే తెల్లటి పూలు విచ్చుకునేవి. వాటి కింద బొటనవేలంత పిందెలూ ఉండేవి. కానీ రెండు రోజులు తిరక్కుండానే పసుపెక్కి రాలిపోయేవి. ఒక్కటీ నిలవలేదు. మృగశిరకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

"అడవిలో మడుగులు ఎండిపోయాయే. ఉడుతలూ ముంగిసలూ మన బావి దగ్గరికి చేరుతున్నాయి. ఇది వాటి పనే! కర్ర పుచ్చుకుని కాపలా కూర్చో" అంది నాయనమ్మ.

చెంగల్వ కర్ర పుచ్చుకుంది. అయితే ఆ పిల్లకు ఒక గుణం ఉంది. ఎవరినైనా సరే, కొట్టే ముందు అడిగి తెలుసుకోవాలనిపిస్తుంది.

మొదటి రోజు పొద్దున్నే ఉడుత వచ్చింది. బావిగట్టు మీద ఒలికిన నీళ్ళు నాకుతోంది.

"ఏమే ఉడుతా, మా పిందెలు కొరికావా?"

ఉడుత మూతి తుడుచుకుంది. "ఆ చేదు నాకెందుకక్కా? మీ జామచెట్టు పైకొమ్మన కాయలు తిన్నది నేనే, అది ఒప్పుకుంటాను. రాలిన పిందె చేతిలోకి తీసుకుని చూడు. పంటిగాటు ఉందా?"

చెంగల్వ ఒక్కొక్కటే తిప్పి చూసింది. గాటు లేదు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం ముంగిస వచ్చింది.

"పాదు మొదట్లో వేళ్ళు తవ్వావు కదూ?"

"తవ్వితే ఆకు వాడదూ? నీ ఆకులు ఏనుగు చెవుల్లా ఊగుతుంటేనూ!" అని నవ్వింది ముంగిస. "నేను పగటిదాన్ని పిల్లా. పగలు మీ సొరపూలు వాడి ముడుచుకుని ఉంటాయి. అవి ఎవరి కోసం విచ్చుకుంటున్నాయో వాళ్ళనడుగు."

ఎవరి కోసం? ఆ మాట చెంగల్వ బుర్రలో గిరగిరా తిరిగింది. అన్నం దగ్గరా అదే, నీళ్ళు తోడుతున్నా అదే.

ఆ మధ్యాహ్నమే పక్కింటి కోటప్ప బాబాయి గోడ మీద నుంచి తొంగి చూశాడు. చేతిలో గుప్పెడంత సొరపిందె, అరటినార.

"ఇదిగోనే, మా పాదుది. ఇప్పుడు తీగకు కట్టి చూడు. పారుపత్తెదారు వచ్చే రోజు పొద్దున్నే తాజాది కోసిస్తాను. ముసలాయనకు చూపు ఆనదు."

"తర్వాత ఎండిపోతుంది కదా బాబాయ్?"

"ఆయన పోయాక ఎండనీ!"

చెంగల్వ ఆ పిందెను అందుకుని పందిరి కిందికి వెళ్ళింది. కట్టాలనే అనిపించింది. తీరా నార విప్పబోతే చెయ్యి రాలేదు. నాయనమ్మ దాన్ని పప్పులో వేసింది.

మూడో రోజు అసురసంధ్య వేళ పూలు విచ్చుకుంటుంటే చెంగల్వ గోడవార కూర్చుంది. ఆ వేసవి గాలివానకు వీధివైపు పశువుల పాక కూలడంతో, ఆవును పందిరి పక్కనే కట్టేస్తున్నారు. దోమలు ముసరకుండా రోజూ ఆ వేళకు కుంపటిలో వేపాకు పొగ వేసేది చెంగల్వే. ఆ రోజూ వేసింది.

గోడ అవతల బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి ఆయాసపడుతూ కనిపించింది.

"ఏమిటమ్మా, రాకుండా అక్కడే ఆగిపోయావు?"

"రానిస్తేగా తల్లీ! పోయినేడు ఈ వేళకు పువ్వు పువ్వుకూ తిరిగి తేనె తాగేదాన్ని. మగపువ్వు పుప్పొడి మూతికి అంటుకుంటే ఆడపువ్వుకు అద్ది పోయేదాన్ని. అది అందితేనే పిందె నిలుస్తుంది. ఈ ఏడు నీ పొగకు కళ్ళు మండి, మావాళ్ళంతా వెనక్కి మళ్ళిపోయారు."

చెంగల్వ ముఖం వేడెక్కింది. మూడు రోజులుగా వాళ్ళనీ వీళ్ళనీ నిలదీసింది. పొగ వేసింది తన చెయ్యే.

వెంటనే కుంపటి ఆర్పేసింది. ఆవును తోలుకెళ్ళి వీధరుగు ముందు కట్టేసింది.

"ఒసే, వీధి గుమ్మంలో పేడ వేస్తే నలుగురూ ఏమనుకుంటారే? ఇక్కడ దోమలు నన్ను ఎత్తుకుపోతున్నాయి!" అని నాయనమ్మ కేకలు వేసింది.

"ఐదు రోజులు ఓర్చుకో నాయనమ్మా. నేను విసురుతాను" అని తాటాకు విసనకర్ర తీసుకుంది చెంగల్వ.

మృగశిర నాడు పారుపత్తెదారు వచ్చాడు. పందిరి కింద మూడు పిందెలు నిగనిగలాడుతున్నాయి. పెద్దది గుప్పెడయింది.

"పిందెలు రాలిపోతున్నాయని ఊరంతా చెప్పుకున్నారే! ఏ జంతువు పాడుచేసింది, అమ్మాయీ? చెప్పు, వేటగాళ్ళను పంపిస్తాను."

ఏదో ఒక జంతువు పేరు చెబితే సరిపోయేది. ఎవరూ అడగరు. చెంగల్వ తల వంచుకుని, "జంతువులు కాదయ్యా. నేనే. నా పొగే" అని జరిగిందంతా చెప్పింది.

పారుపత్తెదారు గడ్డం నిమురుకున్నాడు. "నలభై ఏళ్ళుగా తోటలు చూస్తున్నాను. ఈ సంగతి నాకూ తెలియదు" అన్నాడు. రాజుగారి సొరపాదుల దగ్గర కూడా సంధ్యవేళ పొగ వేయవద్దని ఆ రోజే కబురు పంపాడు. పెరడు చెంగల్వ వాళ్ళకే నిలిచింది.

నష్టం వచ్చినప్పుడు, వచ్చిపోయేవాళ్ళను అనుమానించే ముందు, మనం రోజూ చేస్తున్న పనిని మనమే ఒకసారి తరచి చూసుకోవాలి; తప్పు మనదైతే మనదేనని చెప్పాలి.