అనుమానపు పక్షి

అనగనగనగా, చుట్టూ జొన్నచేలున్న ఒక ఊళ్ళో అచ్చమ్మ అని ఒకావిడ ఉండేదట. వట్టి అనుమానపు పక్షి! పాలు తగ్గితే పిల్లిని అనుమానిస్తుంది, పిల్లి పడుకుంటే పాలను అనుమానిస్తుంది. ఆ ఇంటికి కొత్త కోడలిగా వచ్చింది పేరిందేవి. పాపం, చేనుకాపరి కూతురు, మంచె మీద పెరిగిన పిల్ల.

ఒకనాడు చేలో నక్క వచ్చి ఆడనెమలిని ఎత్తుకుపోయింది. ఐదు గుడ్లు దిక్కులేకుండా మిగిలాయి. అచ్చమ్మ వాటిని తెచ్చి, పొదుగుకొచ్చిన కోడిపెట్ట కింద పెట్టి, ఇక మా పెరట్లో నెమళ్ళాడతాయని ఊరంతా చాటింది.

ఊ కొడుతున్నారా? ఆ మూల ఊ ముద్దగా వస్తోందేం?

సరే, అచ్చమ్మ సంతకెళ్ళొచ్చేసరికి గుడ్లు పిల్లలయ్యాయి. చూస్తే ఏముంది? నీలం లేదు, పింఛం లేదు, అన్నీ మట్టిరంగువే! ఇవి కౌజుపిట్టలు, నా నెమలిపిల్లల్ని నీ పుట్టింటికి దాటించేశావని కోడలి మీద పడింది. నెమలిపిల్లలు ఇలాగే పుడతాయత్తా, నెల తిరిగేసరికి నెత్తిన కుచ్చు లేస్తుంది, కౌజుకి జన్మలో లేవదు అని ఆ పిల్ల మొత్తుకుంది. వింటేగా! నెలకల్లా కుచ్చు రాకపోతే పుట్టింటికి పో, మళ్ళీ ఈ గడప తొక్కకని, కోడలి బట్టలు మూటగట్టి గుమ్మంలో పెట్టేసింది. మొగుడంటారా? వాడు అమ్మ ముందు నోరెత్తితేగా!

ఇక చూడండి కాపలా. కోడల్ని అనుమానించింది, కోడిని అనుమానించింది, కోడికేసిన నూకల్ని అనుమానించింది, నూకలు చెరిగిన చేటని అనుమానించింది. పేరిందేవికి ముద్ద దిగేది కాదు. ఒక్కటీ బతక్కపోతే తన బతుకేం గాను? చెదపురుగులు ఏరి తెచ్చి మేపేది. పొద్దున లేస్తూనే పిల్లల నెత్తులు తడిమి చూసుకునేది. పదిరోజులైంది, లేదు. ఇరవై అయింది, లేదు. ఇరవైతొమ్మిదోనాడు ఒకదాని నెత్తిన చీపురుపుల్లల్లా నాలుగు ఈకలు నిక్కాయి! పేరిందేవి ఏడుస్తూ నవ్వింది.

అచ్చమ్మ వంగి చూసింది. జిగురు పెట్టి అంటించావు కదూ, అని కుచ్చు పట్టుకుని లాగింది. నెమలిపిల్ల కెవ్వుమని ఆవిడ ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది!

"జిగురుకి నొప్పెక్కడిదత్తా?" అంది కోడలు. "పుట్టగానే పిట్టకి కుచ్చు రాదు. వచ్చీరాగానే కోడలు నీ మనిషీ కాదు. కాస్త ఆగాలి."

అచ్చమ్మకి సిగ్గేసింది. ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేత్తో గుమ్మంలో మూట తనే విప్పింది. ఆ పూట కోడలికి తన చేత్తో వడ్డించింది. నెమళ్ళు పెరిగి చేలకి వెళ్ళిపోయినా, మబ్బు పడితే వాళ్ళ పెరట్లోకే వచ్చి ఆడేవట.

ఈకల్ని చూసి ఏ పిట్ట పిల్లనైనా పోల్చుకోవచ్చర్రా. అనుమానపు పక్షికే ఈకలుండవు, ఎవరి నెత్తినైనా వాలుతుంది. కథ కంచికి బయల్దేరింది, మనం దుప్పట్లోకి.

అవునూ, ఆ మూల నుంచి బెల్లం వాసనొస్తోందేం?