దానియేలు వినని రెండో వైపు

ఎబినేజర్ మాస్టారిని వస్తువుల గురించి అడిగితే సూటిగా జవాబు వచ్చేది కాదు. ఏ గిటార్ కొనాలి, ఏ తీగలు మన్నుతాయి అని అడిగిన శిష్యులను ఆయన ఎవరో ఒకరి దగ్గరికి పంపేవారు, లేదా ఎవరికో ఏదో చేసిపెట్టమనేవారు. అలా వెళ్ళినవాళ్ళలో కొందరికి జవాబు దొరికేది. కొందరు విసుక్కుని వేరే మాస్టారిని చూసుకునేవారు. సికింద్రాబాదు మెట్టుగూడలో ఒక మేడమీద గదిలో ఆయన చాలా ఏళ్ళుగా గిటార్ నేర్పుతున్నారు. వయసులో ఉన్నప్పుడు అదే పేటకు చెందిన మరో ముగ్గురితో కలిసి క్లబ్బుల్లోనూ, రైల్వే వాళ్ళ డాన్సులకూ ఇంగ్లీషు రాక్ పాటలు వాయించిన మనిషి.

ఆయన దగ్గర కౌండిన్య అని ఒక శిష్యుడుండేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సైనిక్‌పురిలో ఫ్లాటు, ఆ ఫ్లాటులో ఒక గది పూర్తిగా పాటలకే. గోడలకు బయటి చప్పుడు రాకుండా మెత్తటి పలకలు, ఎదురుగా నడుమెత్తు స్పీకర్లు, వాటికి సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. అతని వేళ్ళు అంతంతమాత్రమే గాని చెవి మాత్రం చాలా పదునైనది. ఆ మాట మాస్టారే అందరి ముందూ అనేవారు. కౌండిన్య దాన్ని భద్రంగా దాచుకున్నాడు.

ఒకనాడు పాఠం అయ్యాక అతను తన బాధ చెప్పుకున్నాడు. కాలేజీ రోజుల నుంచీ పాత రాక్ ఆల్బమ్‌ల సీడీలు పోగేశాడు. ఇప్పుడు అవే ఆల్బమ్‌లు, స్టూడియోలో దాచిన అసలు టేపుల నుంచి మళ్ళీ తీసిన హై రెజల్యూషన్ ఫైళ్ళుగా వస్తున్నాయి. అవీ కొన్నాడు. గదిలో చోటు చాలడం లేదు, మనసులో అసలే లేదు.

"ఒక్కటే ఉంచుకుందామనుకుంటున్నాను మాస్టారూ. సీడీలో డ్రమ్స్ నిండుగా ఉంటాయి. ఫైల్లో ప్రతి తీగా విడివిడిగా తెలుస్తుంది గాని, కొన్నింట్లో మెల్లగా ఉండాల్సినవాటిని కూడా గట్టిగా చేసి పెట్టారు. నెలల తరబడి పక్కపక్కన పెట్టి వింటున్నాను, తేలడం లేదు. మీరైతే ఏది ఉంచుకుంటారు?"

మాస్టారు గిటార్‌ను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టారు.

"మా దానియేలుకి ఒక ఆల్బమ్ వినిపించాలి. నీ గదిలో అయితే బాగుంటుంది. నీకేది నచ్చితే అది పెట్టు" అన్నారు.

దానియేలు ఆ రోజుల్లో వాళ్ళ బృందంలో డ్రమ్స్ వాయించినవాడు. తర్వాత రైల్వే వర్క్‌షాపులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఆ మోతల్లో ఒక చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు రెండో చెవి నరం పక్కన గడ్డ లేచింది. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, వినికిడి నిలవదని డాక్టర్లు ముందే చెప్పేశారు. నెలాఖరుకు ఆపరేషన్. దానికి ముందు తను కుర్రతనంలో విని డ్రమ్స్ నేర్చుకున్న ఆల్బమ్‌ను ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా వినాలని ఆయన కోరిక. ఆయన క్యాసెట్టు ఏనాడో తెగిపోయింది.

ఈ సంగతంతా మాస్టారు దాచకుండా చెప్పారు. కౌండిన్య కళ్ళు చెమర్చాయి. ఒక మనిషి ఆఖరిసారి వినే సంగీతం తన గదిలో మోగబోతోంది. అది అన్నిటికన్నా మంచిదే కావాలి. ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే గదిలో కూర్చుని ఆ ఆల్బమ్ సీడీనీ, ఫైలునూ మార్చి మార్చి విన్నాడు. ఆదివారం వచ్చేసింది గాని తేలలేదు.

మాస్టారికి ఆ సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు. దానియేలు, ఆయన భార్య ఎస్తేరమ్మ ఆటోలో వచ్చారు. దానియేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. కౌండిన్య ఆయన్ను ఆ ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి, రెండు స్పీకర్లకూ సమదూరంలో ఉండేలా కుర్చీని అటూ ఇటూ జరిపాడు.

"ఆయనకి ఎడమ చెవి లేదు బాబూ. ఎక్కడ కూర్చుంటే ఏముంది?" అంది ఎస్తేరమ్మ.

"అయినా తేడా ఉంటుంది ఆంటీ" అన్నాడు కౌండిన్య.

ముందు సీడీ పెట్టాడు. మొదటి పాట అందుకోగానే దానియేలు ముఖంలో వయసు కరిగిపోయింది. కుడిచెయ్యి మోకాలి మీద దరువు మొదలెట్టింది. పెదవులు కదులుతున్నాయి. ఎస్తేరమ్మ ఆయన్నే చూస్తూ గోడకు ఆనుకుంది. పాట సగానికి వచ్చేసరికి డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాల మోత కొంచెం మసకగా ఉందనిపించింది కౌండిన్యకు. ఆపేశాడు. మోకాలి మీద నుంచి లేచిన దానియేలు చెయ్యి లేచినట్టే ఉండిపోయింది.

"ఇప్పుడిది వినండి అంకుల్. ఫైలు. తేడా చెప్పండి."

అదే పాట మళ్ళీ మొదటినుంచి. దానియేలు విని, "బాగుంది బాబూ" అన్నాడు.

"అదా, ఇదా?"

"రెండూ బాగున్నాయి."

ఆ జవాబు కౌండిన్యకు చాలలేదు. ఇంత అనుభవం ఉన్న మనిషికి తేడా తెలియకుండా ఎలా ఉంటుంది, సరిగ్గా వినిపించడం లేదేమో అనుకున్నాడు. ధ్వని సరిచేశాడు. మళ్ళీ సీడీ పెట్టాడు. రెండో పాటలో కొంత, మూడో పాటలో కొంత. ప్రతిసారీ దానియేలు చెయ్యి లేచేది, పాట తెగేది, చెయ్యి ఒళ్ళో పడేది. కాసేపటికి అది లేవడమే మానేసింది.

రికార్డుల కాలం మనిషి గనక ఆయన, "రెండో వైపు ఆఖరి పాట పెట్టు బాబూ. దాని మధ్యలో అంతా ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటే ఉంటాయి. అది వింటే చాలు" అన్నాడు.

"దానికే వస్తున్నాను అంకుల్. ముందు ఏది పెట్టాలో తేల్చుకుందాం. అదైనా బాగా వినాలి కదా!"

తేలకుండానే పొద్దు వాలింది. దానియేలు కణతలు నొక్కుకోవడం మొదలుపెట్టాడు. మందుల వేళయిందని ఎస్తేరమ్మ లేచింది. కౌండిన్యకు నిజంగానే బాధ కలిగింది. జపానులో వేసిన సీడీ ఒకటి తెప్పిస్తున్నాననీ, అది అన్నిటికన్నా మేలైనదని విన్నాననీ, వచ్చే ఆదివారం ఆపకుండా మొత్తం వినిపిస్తాననీ చెప్పాడు.

గుమ్మం దగ్గర ఎస్తేరమ్మ ఆగింది. "ఆ డ్రమ్స్ పాట ఒక్కటీ నా ఫోనుకి పంపించు బాబూ. ఇంట్లో వింటాడు."

"ఫోన్లోనా? వద్దాంటీ. ఆఖరిసారి వినేది అలాగా వినడం?"

ఆమె ఏదో అనబోయింది. దానియేలు ఆమె భుజం తట్టి, "పోనీలే. ఇవన్నీ బాబుకి తెలుసు. తను చెప్పినట్టే చేద్దాం" అన్నాడు.

జపాను సీడీ బుధవారం వచ్చింది. కౌండిన్య దాన్ని విని పొంగిపోయాడు. డ్రమ్స్ నిండుగానూ ఉన్నాయి, తాళాలు స్పష్టంగానూ ఉన్నాయి. చెప్పుకోవడానికి మాస్టారికి ఫోన్ చేశాడు. మాస్టారు ఆసుపత్రిలో ఉన్నారు. దానియేలు అంతకు ముందురోజు బాత్రూంలో తూలి పడ్డాడు. గడ్డ అనుకున్నదానికన్నా పెరిగిందని డాక్టర్లు ఆగలేదు. ఆపరేషన్ అయిపోయింది.

"బతికాడు" అని మాత్రం చెప్పి మాస్టారు ఫోన్ పెట్టేశారు.

దానియేలును ఇంటికి తెచ్చాక కౌండిన్య చూడటానికి వెళ్ళాడు. వట్టి చేతులతో వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఏం తీసుకెళ్ళాలో తెలియక ఆ సీడీనే పట్టుకెళ్ళాడు. ఎస్తేరమ్మ తలుపు తీసి, అతని ముఖాన్నీ, చేతిలోని సీడీనీ చూసింది.

"దీన్నేం చేసుకోమంటావు బాబూ?" అంది. గొంతులో కోపం కూడా లేదు.

దానియేలు తలకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సీడీ అందుకుని అట్ట మీది బొమ్మను చాలాసేపు చూశాడు. తన గొంతు తనకు వినబడదు గనక గట్టిగా, వీధిలోకి వినిపించేలా మాట్లాడాడు.

"ఆ మధ్య ముక్క ఉందే! చిన్న డ్రమ్ మీద మొదలెట్టి, మెల్లగా పెద్దదాని మీదకి దిగుతాడు. దిగాక ఏం చేస్తాడు?"

మంచం పట్టె మీద వాయించాడు. కొంతదూరం వేళ్ళు చకచకా పోయి, ఒకచోట ఆగిపోయాయి. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఇక్కడిదాకా వస్తోంది. తర్వాతది జారిపోయింది. రాత్రీ పగలూ ఇదే వెతుకుతున్నాను. ఇది పట్టుకుందామనే ఆ రోజు మీ ఇంటికి వచ్చాను."

కౌండిన్య మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ ముక్క అతను ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. దానియేలు అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని, దాని మీద వేళ్ళతో వాయించబోయాడు. ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు.

ఏ సీడీలో తాళం ఎంతసేపు మోగి ఆరుతుందో కౌండిన్యకు తెలుసు. ఏ ఫైల్లో పెద్ద డ్రమ్ కింది మోత కోసేశారో తెలుసు. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ పడుతుందో మాత్రం తెలియలేదు. ఏదో వాయించాడు. మళ్ళీ ఇంకేదో వాయించాడు.

దానియేలు కళ్ళు తెరిచి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అది కాదు బాబూ" అన్నాడు, ఇల్లంతా మోగేలా.

అక్కడి నుంచి కౌండిన్య తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. జరిగింది చెప్పాడు. మాస్టారు అతన్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కిటికీలోంచి వర్క్‌షాపు వైపు చూస్తూ కూర్చున్నారు. కౌండిన్యే అన్నాడు:

"నాకివేవీ వద్దు మాస్టారూ. సీడీలు, ఫైళ్ళు, ఆ స్పీకర్లు, అన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాను."

"ఎందుకు ఇవ్వడం?" అన్నారు మాస్టారు. "ఉంచుకో. నీకింకా రెండు చెవులూ ఉన్నాయి."